పాడకుండా వదిలేసిన తొమ్మిదో వచనం: హెబ్రీ లేఖనాల్లో మింగుడుపడని చోట్లు

137వ కీర్తన మొదటి మాటలు బైబిల్ చదవనివాళ్లకు కూడా ఎక్కడో విన్నట్టే ఉంటాయి. బబులోనుకు చెరగా వచ్చిన యూదులు అక్కడి నదుల ఒడ్డున కూర్చుని, సీయోనును, అంటే తమ యెరూషలేమును, తలుచుకుని ఏడ్చాం అంటారు. వాయిద్యాలు చెట్లకు తగిలించేశారు. చెరపట్టి తెచ్చినవాళ్లు "మీ సీయోను పాట ఒకటి పాడండి, వింటాం" అంటున్నారు. పరాయి నేలమీద ఆ పాట ఎలా పాడతాం? ఇక్కడివరకూ చదివేసరికి ఎవరికైనా గొంతు పట్టేస్తుంది. తొమ్మిదో వచనం దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. బబులోనూ, నీ పసిపిల్లల్ని పట్టుకుని బండకేసి కొట్టేవాడు ధన్యుడు. కీర్తన అక్కడితో అయిపోతుంది. తర్వాత ఓదార్పు లేదు, సంజాయిషీ లేదు.

1971లో కాథలిక్ చర్చి తన నిత్య ప్రార్థనల పుస్తకాన్ని కొత్తగా తెచ్చినప్పుడు ఈ కీర్తనలోని చివరి వచనాలు తీసేసింది. 58, 83, 109 కీర్తనల్నయితే మొత్తంగా పక్కన పెట్టింది. భక్తులు నోటితో పలకాల్సిన ప్రార్థనలో ఈ మాటలు మనసుకు ఇబ్బందిగా ఉంటాయన్నది కారణం. అర్థం చేసుకోదగ్గ నిర్ణయమే. కానీ రెండువేల ఏళ్లుగా యూదులూ క్రైస్తవులూ ఇలాంటి చోట్లను వదిలేయకుండా, వాటి ముందే కూర్చుని ఏదో ఒక ఆత్మీయ అర్థం కోసం పెనుగులాడుతూ వచ్చారు. ఆ పెనుగులాటలో ఎన్ని దారులున్నాయో, ఏ దారి ఎక్కడ తేలిపోతుందో చూద్దాం.

ముందు ఏ పుస్తకం, ఎవరి మాట?

హెబ్రీ లేఖనాలంటే యూదులు "తనఖ్" అని పిలిచే గ్రంథాల సముదాయం. తోరా (మోషే ధర్మశాస్త్రం), ప్రవక్తలు, ఇతర రచనలు అని మూడు భాగాలు. యూదుల లెక్కలో 24 పుస్తకాలు. అవే పుస్తకాలను ప్రొటెస్టంట్ క్రైస్తవులు 39గా లెక్కపెట్టి పాత నిబంధన అంటారు. అక్కడ ఒక్కటిగా ఉన్నవి ఇక్కడ విడిపోయాయి, అంతే. కొన్ని అరామిక్ భాగాలు తప్ప మిగతాదంతా హెబ్రీ భాషే. రాసింది ఒక్కరు కాదు, ఒక్క తరం కాదు. అందులో చట్టం ఉంది, కథ ఉంది, యుద్ధ చరిత్ర ఉంది, ప్రేమ కవిత్వం ఉంది, దేవుడితో జగడం కూడా ఉంది.

అందుకని ఏదైనా కష్టమైన చోట తగిలినప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న "ఇక్కడ ఎవరు మాట్లాడుతున్నారు?" అన్నదే. తొమ్మిదో వచనం దేవుడి ఆజ్ఞ కాదు. మనిషి దేవుడితో అంటున్న మాట. మాట వినని కొడుకును రాళ్లతో కొట్టమన్నది చట్టం. యెఫ్తా తన కూతుర్ని బలి ఇచ్చాడన్నది కథ. ఆ కథలో దేవుడు అలా చెయ్యమనలేదు, చేశాక మెచ్చుకోనూ లేదు. అమాలేకీయుల్ని చంటిబిడ్డలతో సహా చంపమన్నది మాత్రం దేవుడి పేరుమీదే వచ్చిన ఆజ్ఞ. ఈ నాలుగూ ఒకే రకం ఇబ్బంది కాదు. అన్నింటికీ ఒకే మందు వేస్తే ఏదీ నయం కాదు.

ఇక పద్ధతుల పేర్లు. యూదు సంప్రదాయంలో సాదా అర్థాన్ని "పెషాత్" అంటారు. వాక్యాన్ని తవ్వి, ప్రశ్నించి, వేరే వాక్యం పక్కన పెట్టి రాబట్టేది "దెరాష్". సూచనగా తోచేది "రెమెజ్". మర్మార్థం "సోద్". ఈ నాలుగింటి మొదటి అక్షరాలు కలిపితే "పర్దేస్", అంటే తోట. ఈ నాలుగింటి అమరిక 13వ శతాబ్దపు యూదు మర్మజ్ఞానుల కాలంలో స్థిరపడింది. క్రైస్తవుల్లోనూ నాలుగు అంతస్తుల లెక్క ఒకటుంది. 5వ శతాబ్దంలో జాన్ కాసియన్ అనే సన్యాసి యెరూషలేమునే ఉదాహరణగా చూపించాడు. చరిత్రపరంగా అది ఒక నగరం. సూచకంగా సంఘం. నడవడి పరంగా మనిషి ఆత్మ. ఆశ పరంగా పరలోక పట్టణం.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఆత్మీయ అర్థమంటే సాదా అర్థాన్ని తుడిచేసి ఆ చోట పెట్టేది అనుకుంటారు. యూదు గురువుల చర్చలన్నీ కూర్చిన తల్మూదు అనే గ్రంథంలో ఒక మాట ఉంది. ఏ వాక్యమూ తన సాదా అర్థాన్ని వదిలి పోదు. పైన ఎన్ని అంతస్తులు కట్టినా పునాది పునాదిగానే ఉంటుంది.

మాట వినని కొడుకు: చట్టాన్ని చట్టంతోనే కట్టేసిన తీరు

ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయంలో ఒక చట్టం ఉంది. కొడుకు మొండివాడై, తిరగబడి, తిండిపోతూ తాగుబోతూ అయితే తల్లిదండ్రులే అతణ్ని ఊరి గుమ్మం దగ్గర పెద్దల ముందుకు తీసుకెళ్లాలి. "ఈ మా కొడుకు మా మాట వినడు" అని చెప్పాలి. ఊరివాళ్లు అతణ్ని రాళ్లతో కొట్టి చంపాలి.

తోరాలో ఉంది కాబట్టి రబ్బీలు (యూదు ధర్మగురువులు) దీన్ని కొట్టేయలేరు. కాబట్టి అక్షరం అక్షరం పట్టుకుని చదివారు. "కొడుకు" అన్నారు, కూతురు కాదు. చిన్నపిల్లాడు చట్టానికి బాధ్యుడు కాడు, పూర్తిగా ఎదిగినవాడు "కొడుకు" కిందికి రాడు. అంటే మధ్యలో మిగిలేది ఓ మూడు నెలల వయసు. అతను ఇంత మాంసం తినాలి, ఇంత ద్రాక్షారసం తాగాలి, అది తండ్రి సొమ్ము దొంగిలించిందే అయ్యుండాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకోవాలి. ఇద్దరూ "పట్టుకుని" తేవాలి కాబట్టి చేయి లేనివాళ్లు కాకూడదు. "చెప్పాలి" కాబట్టి మూగవాళ్లు కాకూడదు. రబ్బీ యెహూదా ఇంకో మెట్టెక్కాడు. హెబ్రీలో "మా స్వరం" అని ఏకవచనంలో ఉంది కదా, అంటే తల్లి గొంతూ తండ్రి గొంతూ ఒకేలా ఉండాలి. గొంతు ఒకేలా ఉండాలంటే రూపమూ ఎత్తూ కూడా ఒకేలా ఉండాలి!

ఇంతా చేసి తల్మూదు చెప్పేదేమిటంటే, అలాంటి కొడుకు ఎన్నడూ లేడు, ఇక ముందు ఉండడు. మరి ఎందుకు రాశారు? వెతికి చదివి ప్రతిఫలం పొందడానికి. అదే పేజీలో రబ్బీ యోనాతాన్ అడ్డుపడి "నేను అలాంటివాణ్ని చూశాను, వాడి సమాధి మీద కూర్చున్నాను కూడా" అంటాడు. తల్మూదు ఆయన మాట కూడా చెరపకుండా అలాగే ఉంచింది.

దీన్ని చూసి కొందరు "ఇది ఉత్త లాయరు తెలివి" అంటారు. అలా అనిపించడంలో తప్పులేదు. కానీ ఆ తెలివి ఏ వైపుకు పనిచేసిందో చూడాలి. ప్రాణం తీసే వాక్యాన్ని ప్రాణం తీయలేని వాక్యంగా మార్చడానికి అక్షరభక్తినే వాడుకున్నారు. "కంటికి కన్ను" విషయంలోనూ ఇంతే. కన్ను తీయడం కాదు, కంటి వెల చెల్లించడం అని తల్మూదు పేజీల కొద్దీ వాదిస్తుంది.

అమాలేకు: అసలు చిక్కు

ఇప్పుడు తప్పించుకోలేని చోటికి వచ్చాం. ఐగుప్తు (ఈజిప్టు) నుంచి బయటపడ్డ ఇశ్రాయేలు జనం అలసిపోయి నడుస్తుంటే, వెనకబడ్డ బలహీనుల మీద అమాలేకీయులు పడ్డారు. ఆ కోపం తరాలు దాటింది. 1 సమూయేలు 15లో ప్రవక్త సమూయేలు రాజైన సౌలుతో దేవుడి ఆజ్ఞగా చెబుతాడు. వెళ్లి అమాలేకును కొట్టు, మగవాళ్లనీ ఆడవాళ్లనీ, పిల్లల్నీ చంటిబిడ్డల్నీ, ఎద్దుల్నీ గొర్రెల్నీ, ఒంటెల్నీ గాడిదల్నీ మిగల్చకు. ఇలా మొత్తంగా నాశనానికి అప్పగించడాన్ని హెబ్రీలో "హేరెమ్" అంటారు. పాత తెలుగు అనువాదంలో కనిపించే "శపితము" అన్న మాట దీనిదే. కనాను దేశంలోని యెరికో పట్టణానికి పట్టిన గతీ ఇదే.

చరిత్ర వైపు నుంచి వచ్చేవాళ్లు ముందుగా చెప్పేది ఆ కాలపు యుద్ధభాష గురించి. 1868లో ఇప్పటి జోర్డాన్‌లోని ధీబాన్‌లో ఒక రాయి దొరికింది. క్రీ.పూ. 9వ శతాబ్దపు మోయాబు రాజు మేషా చెక్కించిన శాసనం అది. నెబో పట్టణంలో ఇశ్రాయేలీయులు ఏడు వేలమందిని తన దేవత కోసం హేరెమ్ చేశానంటాడు. మాట కూడా అదే. "ఇశ్రాయేలు శాశ్వతంగా నశించింది" అని కూడా రాయించుకున్నాడు. అంతకు మూడు నాలుగు వందల ఏళ్ల ముందు, క్రీ.పూ. 1208 ప్రాంతంలో ఐగుప్తు రాజు మెర్నెప్తా శాసనం కూడా ఇశ్రాయేలు విత్తనం లేకుండా పోయిందని చాటింది. ఇశ్రాయేలు పేరు చరిత్రలో స్పష్టంగా కనిపించే అతి పాత బయటి ఆధారం అదే. మొదటిసారి పేరెత్తడమే చచ్చిపోయారని ఎత్తారన్నమాట! అంటే "ఒక్కరూ మిగల్లేదు" అన్నది ఆనాటి రాజుల గొప్పల భాష.

బైబిల్ లోపలే దీనికి సాక్ష్యం ఉంది. మోషే తర్వాతి నాయకుడు యెహోషువ పేరుతో ఉన్న గ్రంథం కనాను దేశమంతా జయించామంటుంది. పక్కనే ఉన్న న్యాయాధిపతుల గ్రంథం మొదటి అధ్యాయం ఏ ఏ ఊళ్లలో అక్కడి పాత ప్రజలైన కనానీయులు అలాగే ఉండిపోయారో జాబితా ఇస్తుంది. ద్వితీయోపదేశకాండం ఏడో అధ్యాయం ఒక వచనంలో పూర్తిగా నిర్మూలించమని, తర్వాతి వచనంలో వాళ్లతో పెళ్లి సంబంధాలు కలుపుకోవద్దని చెబుతుంది. చచ్చినవాళ్లతో వియ్యం ఎలా అందుకుంటారు? సౌలు తుడిచేశాడన్న అమాలేకీయులు అదే పుస్తకంలో 30వ అధ్యాయానికి మళ్లీ దండెత్తి వస్తారు. ఇక యెరికోను 1952 నుంచి 1958 వరకు తవ్విన కాథ్లీన్ కెన్యన్, చాలామంది యెహోషువ కాలమనుకునే రోజుల్లో అక్కడ కోటగోడలున్న పట్టణానికి ఆధారం లేదని తేల్చింది. దాన్ని ఒప్పుకోనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇదంతా పనికొచ్చే సమాచారమే. కానీ నా మట్టుకు దీంతో చిక్కు సగమే తీరుతుంది. జరగలేదనుకుందాం. జరగనిదాన్ని జరగాల్సిందన్నట్టుగా ఎందుకు రాశారు? గొప్పలకైనా చంటిబిడ్డల ప్రస్తావన ఎందుకు?

మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన క్రైస్తవ పండితుడు ఓరిగెన్ ఈ ప్రశ్ననే ఇంకో పక్కనుంచి పట్టుకున్నాడు. ఆయనకు వంద ఏళ్ల ముందు మార్కియన్ అనే ఆయన రోమ్‌లో, పాత నిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అని ఆ పుస్తకాలనే తోసేశాడు. క్రీ.శ. 144లో అక్కడి సంఘం మార్కియన్‌ను వెలివేసింది. కానీ ఆ ప్రశ్నను వెలివేయడం సాధ్యపడలేదు. ఓరిగెన్ జవాబు: ఈ యుద్ధాలు మన లోపలి యుద్ధాలకు సూచనలు. కనానీయులంటే మనసులో గూడు కట్టుకున్న దుర్గుణాలు. గ్రీకులో యెహోషువ, యేసు ఒకే పేరు కాబట్టి ఆయనకు ఈ దారి మరీ సాఫీగా కనిపించింది. శాంతి నేర్పిన గురువు శిష్యులు ఈ పుస్తకాన్ని సంఘంలో చదువుతున్నారంటే అందులో ఆత్మీయ యుద్ధం ఉంటేనే చదవగలరని ఆయన వాదన.

యూదు మర్మజ్ఞానులూ, హసీదీ అనే యూదు భక్తి ఉద్యమపు గురువులూ ఇలాంటి చోటికే వేరే దారిలో చేరారు. హెబ్రీ అక్షరాలకు అంకెల విలువలుంటాయి. "అమాలేక్"లో అయిన్ 70, మేమ్ 40, లామెద్ 30, ఖోఫ్ 100. మొత్తం 240. సందేహం అనే మాట "సఫేక్"లో సామెఖ్ 60, పే 80, ఖోఫ్ 100. అదీ 240. కాబట్టి అలసిపోయిన వేళ వెనకనుంచి వచ్చి పడే అమాలేకు మనిషిని చల్లబరిచే సందేహమేనని వాళ్ల బోధ. లెక్కను రుజువు అనుకుంటే నవ్వొస్తుంది. ధ్యానానికి పట్టుకొమ్మ అనుకుంటే అందంగానే ఉంది.

చట్టపరమైన తాళం కూడా ఒకటి వేశారు. అష్షూరు రాజు సన్హెరీబు జనాలనందరినీ కలగలిపేశాడు కాబట్టి పాత జాతులు ఫలానావని ఇక ఎవరినీ చూపించలేమని తల్మూదుకు మూలమైన మిష్నాలో ఉంది. కనాను దేశపు ఏడు జాతుల జాడ ఎప్పుడో చెరిగిపోయిందని 12వ శతాబ్దపు యూదు తత్వవేత్త మైమోనిడీస్ రాశాడు.

మరో కథలో రబ్బీలు సౌలు నోటే ప్రశ్న పెట్టారు. మనుషులు తప్పు చేశారు సరే, పశువులేం చేశాయి? పెద్దలు చేశారు సరే, పిల్లలేం చేశారు? ఆకాశంనుంచి "మరీ నీతిమంతుడివి కాకు" అని స్వరం వచ్చిందట. తర్వాత అదే సౌలు నోబు పట్టణంలో యాజకుల్ని చంపించినప్పుడు "మరీ దుర్మార్గుడివి కాకు" అని ఇంకో స్వరం. సౌలుకు జవాబు దొరికిందా అంటే నాకైతే దొరికినట్టు తోచదు. ప్రశ్న మాత్రం తల్మూదులో ఎక్కి కూర్చుంది.

ప్రతీకకు ఉన్న ప్రమాదం

అమాలేకు ఒక ప్రతీక అయ్యాక, ఆ ముసుగు ఎవరికైనా తొడగొచ్చు. 1689లో బోస్టన్ బోధకుడు కాటన్ మేథర్ అక్కడి మూలవాసుల మీదికి వెళ్లే సైనికులకు చేసిన ప్రసంగంలో వాళ్లనే అమాలేకు అన్నాడు. లోపలి పాపం అనుకున్నది బయట నడిచే మనిషి అయిపోయింది. మూడు వందల ఏళ్ల తర్వాత, 1989లో, అమెరికా మూలవాసుల్లో ఓసేజ్ తెగకు చెందిన పండితుడు రాబర్ట్ అలెన్ వారియర్ ఒక మాటన్నాడు. నిర్గమ కథ చదివితే అందరూ తమను విడుదల పొందిన ఇశ్రాయేలీయులుగా ఊహించుకుంటారు, మావాళ్లు మాత్రం కనానీయుల చోట నిలబడి చదువుతారు. అది విన్నాక యెహోషువ గ్రంథాన్ని పాత పద్ధతిలో చదవడం కష్టం. ఏ ఆత్మీయ అర్థమైనా ఆ కనానీయుడి ముందు చెప్పగలిగేలా ఉందా అన్న పరీక్ష ఒకటి మిగిలిపోతుంది.

మోరీయా కొండ: దేవుడి గొంతేనని ఎలా తెలుసు?

దేవుడి ఆజ్ఞమీద అబ్రాహాము తన కొడుకు ఇస్సాకును మోరీయా కొండమీద బలివ్వబోతే దేవదూత ఆపిన కథ (ఆదికాండం 22) అందరికీ తెలిసిందే. పై పద్ధతులన్నీ ఇక్కడ ఢీకొంటాయి. 11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషి హెబ్రీ క్రియను పట్టుకున్నాడు. దేవుడు "వధించు" అనలేదు, "పైకి తీసుకెళ్లు" అన్నాడు. తీసుకెళ్లాడు, ఇక దింపెయ్ అన్నాడు. మైమోనిడీస్ దృష్టి మూడు రోజుల ప్రయాణం మీద పడింది. ఆవేశంలో చేసింది కాదు, ఆలోచించుకునే టైమ్ ఉంది. ప్రవక్తకు తాను విన్నది దేవుడి మాటేనా అన్న సందేహం రవ్వంత ఉన్నా అంత దూరం నడవడు అన్నాడు. 1798లో జర్మన్ తత్వవేత్త కాంట్ సరిగ్గా దీన్నే తిప్పికొట్టాడు. నా బిడ్డను చంపకూడదన్నది నాకు ఖాయంగా తెలుసు, మాట్లాడుతున్నది దేవుడన్నది ఖాయం కాదు, అబ్రాహాము ఈ జవాబు ఇచ్చి ఉండాల్సింది అని. 1843లో డెన్మార్క్ తత్వవేత్త కియెర్కెగార్ మళ్లీ అబ్రాహాము పక్కన నిలబడ్డాడు. కానీ ఆ విశ్వాసాన్ని చూస్తే తనకు వణుకు పుడుతుందని దాచుకోలేదు.

పండితుల మాట అటుంచి కథను నెమ్మదిగా చదివితే చివర్లో ఒకటి కంటపడుతుంది. అబ్రాహాము తన పనివాళ్ల దగ్గరికి తిరిగి వచ్చాడని ఉంది. ఇస్సాకు వచ్చాడని లేదు. ఆ తర్వాత తండ్రీ కొడుకులు మాట్లాడుకున్న ఒక్క మాట కూడా ఆదికాండంలో లేదు. తర్వాతి అధ్యాయం శారా చావుతో మొదలవుతుంది. కొండమీద ఏం జరగబోయిందో విని ప్రాణం విడిచిందని ప్రాచీన వ్యాఖ్యాతలు కొందరు ఈ రెండిటినీ ముడిపెట్టారు. పరీక్ష నెగ్గినందుకు ఆ ఇల్లు ఏం చెల్లించుకుందో వాక్యం చెప్పకుండానే చెప్పింది.

ఇంకో సంగతి. యిర్మీయా ప్రవక్త నోట దేవుడు, పిల్లల్ని అగ్నిలో బలివ్వమని నేను ఆజ్ఞాపించలేదు, అది నా మనసుకే తోచలేదు అంటాడు. తండ్రుల దోషం పిల్లల మీదికి వస్తుందని నిర్గమకాండం అంటే, కొడుకు తండ్రి దోషం మోయడని యెహెజ్కేలు 18 అంటుంది. అంటే లేఖనం తనతో తానే వాదించుకుంటుంది. దీన్ని కొందరు క్రమంగా పెరిగిన వెలుగు అంటారు. నాకు అందులో చిన్న ఇబ్బంది ఉంది. పాతది చీకటి, కొత్తది వెలుగు అన్న లెక్క తిరిగి తిరిగి మార్కియన్ గుమ్మం దగ్గరికే చేరుస్తుంది. పైగా నాశనం కాబోతున్న సొదొమ పట్టణం కోసం "లోకమంతటికీ తీర్పు తీర్చేవాడు న్యాయం చేయొద్దా?" అని దేవుణ్ని నిలదీసిన అబ్రాహాము ఉన్నది మొదటి పుస్తకంలోనే.

మళ్లీ బండ దగ్గరికి

తొమ్మిదో వచనాన్ని ఓరిగెన్, తర్వాత మరో క్రైస్తవ గురువు అగస్టీన్ ఇలా చదివారు. బబులోను పసిపిల్లలంటే అప్పుడే పుట్టిన చెడు తలంపులు. పెరిగి పెద్దవై మీద పడకముందే బండకేసి కొట్టాలి. ఆ బండ క్రీస్తు. సన్యాసులకు ఇది నిజంగానే పనికొచ్చిన పాఠం. కోపాన్ని కోపంగా ఉండగానే పట్టుకోవాలి, పగ అయ్యాక పట్టుకోలేం.

ఇప్పటి చదువరులు చాలామంది దీన్ని ఒప్పుకోరు. వాళ్లు రెండో రాజుల గ్రంథం 25వ అధ్యాయం తెరుస్తారు. బబులోను సైనికులు యూదా రాజు సిద్కియా కళ్లముందే అతని కొడుకుల్ని చంపి, ఆ తర్వాత అతని కళ్లు పెరికారు. అతను చివరిగా చూసింది అదే. క్రీ.పూ. 586 నాటి ఆ విధ్వంసంలో యెరూషలేము పసిపిల్లలకు ఏమైందో ఈ కీర్తన రాసినవాడికి తెలిసే ఉంటుంది. వాడి చేతిలో కత్తి లేదు. వాయిద్యం కూడా చెట్టుకు వేలాడుతోంది. ఉన్నది నోరు, దాన్ని దేవుడివైపు తిప్పాడు. పగను దేవుడి ముందు కక్కడం, పగ తీర్చుకోవడం ఒకటి కాదు అన్నది వీళ్ల మాట. దీనికీ ఎదురు ప్రశ్న ఉంది. రోజూ పాడుతూ పోతే ఆ పగ పాడేవాడికి అలవాటు కాదా? చర్చి భయపడిందీ దానికే.

పేరు లేని అమ్మాయి

చివరికి ఏ అర్థమూ ఒంటబట్టని కథ ఒకటి. న్యాయాధిపతులు 11లో ఇశ్రాయేలు సేనాధిపతి యెఫ్తా, యుద్ధంలో గెలిస్తే తన ఇంటి గుమ్మంలోంచి ఎదురొచ్చేదాన్ని దహనబలి ఇస్తానని మొక్కుకుంటాడు. తంబుర వాయిస్తూ, నాట్యమాడుతూ ఒక్కగానొక్క కూతురు ఎదురొస్తుంది. మోరీయాలోలా ఇక్కడ దేవదూత పిలవలేదు, పొదలో పొట్టేలు దొరకలేదు.

అమ్మాయి చావలేదు, జీవితాంతం కన్యగా ఉండిపోయిందని మధ్యయుగపు యూదు వ్యాఖ్యాతలు కొందరు తేల్చారు. అంతకు ముందరి రబ్బీలు అంత మెత్తగా పోలేదు. ఆ మొక్కును యాజకుడు ఫీనెహాసు రద్దు చేయగలిగేవాడే. కానీ "నేను యాజకుణ్ని, ఆ మోటువాడి దగ్గరికి నేనెందుకు వెళ్లాలి?" అని ఆయన, "నేను సేనాధిపతిని, నేనెందుకు వెళ్లాలి?" అని యెఫ్తా. ఇద్దరి బెట్టు మధ్య పిల్ల పోయింది అని మిద్రాష్, అంటే రబ్బీల వ్యాఖ్యాన కథల సంపుటి, రాసింది. యెఫ్తాను గిలాదు "పట్టణాల్లో" పాతిపెట్టారని హెబ్రీ మూలంలో బహువచనం ఉంటుంది. శరీరం ముక్కలు ముక్కలుగా రాలిపోయి ఒక్కో ఊళ్లో ఒక్కోటి పాతిపెట్టారని, అదే అతని శిక్ష అని దానికి వాళ్లు చెప్పిన అర్థం.

1984లో బైబిల్ పండితురాలు ఫిలిస్ ట్రిబుల్ ఈ కథను తీసుకుని, ఇందులో పాఠం వెతకడం మాని ఆ అమ్మాయికోసం దుఃఖించాలంది. నిజానికి వాక్యంలోనే ఆ పని మొదలైంది. ఆమె పేరు రాయలేదు గానీ, ఇశ్రాయేలు ఆడపిల్లలు ఏటా నాలుగు రోజులు వెళ్లి ఆమెను తలుచుకునేవారని అధ్యాయం చివర ఉంది. ఎక్కడికి వెళ్లేవారో, ఏం పాడేవారో లేదు.